ఇంజనులో టకటక

పెట్రోలు ఇంజనుకు బలము హెచ్చవలెనన్న సిలిండరులోని గాలిని, ఇంధనపుటావిరిని మరింత గట్టిగా నొక్కవలెను. నొక్కినకొలది వేడి పెరుగును. ప్లగ్గు వద్ద పుట్టిన మంట చేరకమునుపే మూలనున్న ఆవిరి తనంత తానే భగ్గుమనును. మనము వినెడి టకటక అదియే. ఉపేక్షించినచో పిస్టనుకు చిల్లు పడవచ్చును.

దీనిని ఓర్చుకొను శక్తికి కొలత ఆక్టేను సంఖ్య. ఐసో ఆక్టేనునకు 100, హెప్టేనునకు సున్న. సంఖ్య పెద్దదైన పెట్రోలులో బలమెక్కువని కొందరి భ్రమ. మామూలు కారులో ఖరీదైన పెట్రోలు పోయుట వట్టి దండుగ యని మా అభిప్రాయము.

1921లో అమెరికాలోని డేటన్ నగరమున థామస్ మిడ్జ్‌లీ సీసపు ద్రవమును, టెట్రాఎథిల్ లెడ్డును, రవంత కలిపి ఈ టకటకను అణచెను. ఇథనాలు సైతము ఆ పని చేయునని ఆయన ఎరుగును. అయినను సీసమే గెలిచెను. కొద్దిగా కలిపిన చాలును; పైగా దానిపై పేటెంటు లాభము కలదు! 1924లో న్యూజెర్సీ కర్మాగారమున కొందరు కార్మికులు మతి చలించి మరణించిరి. అయినను అమ్మకము సాగెను. వీధులలోని పిల్లలు ఆ పొగను దశాబ్దములు పీల్చిరి. కారు పెట్రోలులో సీసము మన దేశమున 2000లో, చివరగా అల్జీరియాలో 2021లో ఆగినది.

మిడ్జ్‌లీ ప్రక్కకు నెట్టిన ఇథనాలు నేడు మన బంకులలో నూటికి 20 పాళ్లవరకు కలియుచున్నది. మైలేజి కొంత తగ్గును. ఆక్టేను మాత్రము పెరిగినది.