ఇప్పుడు ఎన్నోసారి?

రావెల్ స్వరపరిచిన ‘బొలెరో’ విన్నారా? 1928లో పారిస్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అందులో స్నేర్ డ్రమ్‌ది రెండు బార్ల లయ. మొదటి నుంచి దాదాపు చివరిదాకా అదే. 150 సార్లకు పైనే! చేతులకు ఎంత పరీక్షో, లెక్కకూ అంతే పరీక్ష.

ఇలా ఒకే బారు తిరిగి తిరిగి వచ్చే చోట నోట్స్ మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. ఒక వాలుగీత, అటొక చుక్క, ఇటొక చుక్క. ‘ముందరి బారే మళ్లీ’ అని దానర్థం. రాసేవారికి హాయే. మరి వాయించేవారికి? పేజీ నిండా అవే గుర్తులు. ఒక్కసారి కండక్టర్ వైపు చూసి వచ్చారా, ఎక్కడున్నారో తెలియదు.

అందుకే గుర్తు మీద, ఎన్నోసారో చెప్పే అంకె. డొరికో, సిబేలియస్, మ్యూజ్‌స్కోర్ లాంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని వేయగలవు. ప్రతి గుర్తు మీదా వద్దు, కళ్లకు గజిబిజి. నాలుగింటికి ఒకసారి చాలు.

ఒక్క జాగ్రత్త. బార్ నంబరు వేరు, ఈ లెక్క వేరు. ‘42వ బారు నుంచి’ అని కండక్టర్ అన్నప్పుడు చూసేది బార్ నంబరు. ఇదేమో, ఎన్నోసారి వాయిస్తున్నామో చెప్పే అంకె. రెండూ కలిసిపోకుండా దీన్ని బ్రాకెట్లో పెట్టండి. నోట్స్ రాసి ఉన్న బారునే ఒకటిగా లెక్కించండి. అప్పుడు మొదటి గుర్తు రెండవుతుంది. నా మటుకు అదే సబబు. చేతులు వాయించేదీ అలాగే కదా! మధ్యలో లయ మారిందా, లెక్క మళ్లీ ఒకటి నుంచే.

ప్రింటు తీసేముందు చివరి గుర్తు చూడండి. దాని మీద అంకె పడకపోతే మీరే వేయండి.