ఎర్నీ డేవిస్ కథ



అమెరికాలో ఎర్నీ డేవిస్ అను నల్లజాతి యువకుడుండెను. అతని చరిత్రమును 2008వ సంవత్సరమున 'ది ఎక్స్‌ప్రెస్' అను చలనచిత్రముగా తీసిరి. మా మనుమడు చూపగా దానిని రెండుమారులు చూచితిని. మొదటిమారు కన్నీరు పెట్టితిని. రెండవమారు, నిజమేదో చదివి తెలిసికొన్న పిమ్మట, కొంత కోపము వచ్చినది.

వారి ఫుట్‌బాలు మన పిల్లలు కాలితో తన్నునది కాదు. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చంకనిడుకొని, ఎదుటి పక్షమువారు పదునొకండ్రు పైబడి పడద్రోయ జూచుచుండగా, వారిని తప్పించుకొని కొనగీత దాటవలెను. చెడుగుడు ఎరిగినవారికి ఇందలి కష్టము తెలియకపోదు.

డేవిస్ 1939లో పెన్సిల్వేనియాలో జన్మించెను. తాతయు అవ్వయు పెంచిరి. బాల్యమున మాట తడబడుచుండెడిది. పండ్రెండవ యేట న్యూయార్కు రాష్ట్రమందలి ఎల్మైరాకు తల్లికడకు చేరెను. అతని వేగమును చూచి జనులు 'ఎల్మైరా ఎక్స్‌ప్రెస్' అనిరి. చిత్రము పేరు దానినుండి వచ్చినదే. సిరక్యూస్ విశ్వవిద్యాలయమున, తనకు ముందు జిమ్ బ్రౌన్ ధరించిన 44వ సంఖ్యనే తానును ధరించెను. 1959లో ఆ జట్టు ఒక్క ఆటయు ఓడలేదు.

1960 జనవరి 1వ తేదీన డల్లాసు నగరమున టెక్సాసు విశ్వవిద్యాలయముతో ఆడిరి. డేవిస్‌కు తొడనరము బెణికియుండెను. అయినను ఆట మొదలైన కొలదిసేపటికే బంతినందుకొని, ఆ ఎత్తుగడలో 87 గజములు గెలిచి గీత దాటెను. సిరక్యూస్ 23-14 అంకెలతో నెగ్గెను. ఉత్తముడని డేవిస్‌నే ఎంచిరి. ఆ రాత్రి విందున మాత్రము, నల్లవారు బహుమతి పుచ్చుకొని వెంటనే వెడలిపోవలెననిరి! ఎవని కాళ్లకు చప్పట్లు కొట్టిరో వానికి విస్తరి వేయనొల్లరైరి.

ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మన ఆలంకారికులు మూడు తెరగుల చెప్పిరి. ఈ చిత్రము మిశ్రము. అందు వెస్టు వర్జీనియావారి ఊరిలో ఆట జరిగినట్లును, ప్రేక్షకులు డేవిస్‌ను దూషించి సీసాలు విసరినట్లును చూపిరి. 1959లో ఆ ఆట జరిగినది సిరక్యూసులోనే. ఆ ఊరివారు చేయని పాపమును వారి నెత్తిన రుద్దిరి. పాఠము చెప్పునపుడు రక్తి కొరకు కొంత చేర్చిన దోషము నాకును గలదు; కాని పేరుగల ఊరిమీద నింద మోపుట వేరు. డల్లాసు విందు ఉండగా మరియొక అవమానమును కల్పింపనేల? ఒక కల్లను పట్టుకొన్న ప్రేక్షకుడు నిజమైన విందును సైతము కట్టుకథ యనును. అపుడు నష్టపోవునది డేవిసే కదా!

1961లో దేశమందలి ఉత్తమ కళాశాల క్రీడాకారునకిచ్చు హైస్‌మన్ బహుమానము అతనికి లభించెను. నల్లవారిలో దానిని మొదట పొందినవాడు అతడే. అధ్యక్షుడు కెన్నెడీయే అతనిని కలిసికొని అభినందించెను. మరుసటి యేడు క్లీవ్‌లండు వృత్తిజట్టులో చేరెను. ఆ వేసవిలోనే రక్తక్యాన్సరు బయటపడినది. 1963 మే 18న, ఇరువదిమూడవ యేట, మరణించెను.

ఆ జట్టు అతనికి 45వ సంఖ్యను కేటాయించియుండెను. ఆ చొక్కాతో అతడు ఒక్క ఆటయు ఆడలేదు. అయినను ఆ సంఖ్యను మరియొకనికి ఇయ్యక అతని పేరనే నిలిపిరి.