త్రిఫల చూర్ణం



కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ... ఈ మూడింటినీ కలిపి త్రిఫలాలంటారు. వీటి చూర్ణం ఇంట్లోనే చేసుకోవచ్చు. గింజలు తీసేసి, బాగా ఎండిన పెచ్చులను సమపాళ్ళలో దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, తడి తగలని సీసాలో పోసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా గోరువెచ్చని నీళ్ళలో కలిపి తాగితే మలబద్ధకం సర్దుకుంటుంది. ఎక్కువైతే మాత్రం విరేచనాలు పట్టుకుంటాయి. గర్భిణీలు డాక్టరును అడగకుండా వాడనే కూడదు.

ఇంకో మాట. "చూర్ణం తాగుతున్నానుగా, ఇక షుగరు మాత్రలెందుకు?" అని మానేసేవాళ్ళున్నారు. అది కోరి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే! చూర్ణం మాత్రలకు బదులు కాదు. పైగా రెండూ కలిస్తే షుగరు మరీ తగ్గిపోవచ్చు. కనుక వాడే ముందే డాక్టరుకు చెప్పండి.

రెండు వారాలైనా గుణం కనిపించకపోయినా, విరేచనంలో రక్తం పడినా, సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే చూపించుకోండి. ఇంటిల్లిపాదికీ వేళకు వండి వడ్డించే మనం మన ఒంటి సంగతి కూడా కాస్త కనిపెట్టుకోవాలి కదండీ!