హాజరుపట్టీలో చలికాలము



చలికాలమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. హేమంత శిశిరములను మన కవులు వర్ణించిన తీరు నాకు కొంత తెలియును. ముప్పదియైదు సంవత్సరములు ఆ పద్యములను పిల్లలకు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. కాని పెద్దపల్లి ప్రాంతమున చలికాలమనగా నేమో నాకు నేర్పినది కావ్యము గాదు, బడిలోని హాజరుపట్టీ.

హాజరుపట్టీ నీరసమైన పుస్తకమని తలపకుడు. వచ్చినవానికొక గుర్తు, రానివానికొక సున్న. అంతే. అయినను ఆ సున్నలను వరుసగా చదువ నేర్చినవానికి ఊరి సంవత్సరమంతయు అందు కనబడును. కార్తికమున సున్నలు పెరిగినచో ప్రత్తిచేలు పగిలినవని యర్థము. ప్రత్తి ఏరుటకు చిన్నచేతులు వాటమని పెద్దల నమ్మకము. మార్గశిరమున యాసంగి నారు పోయుదురు. పుష్యమున కాకతీయ కాలువ నీటివంతు మా తూమునకు వచ్చిన వారమున, ఏ యింటి పొలము ఆ తూముక్రింద నున్నదో ఆ యింటి పిల్లల పేళ్లకెదురుగా సున్నలు నిలుచును. సంక్రాంతి దాటగనే ఓదెల మల్లన్న జాతరకు బండ్లు కదలును. రెండేండ్ల కొకమారు మాఘపూర్ణిమ నాటికి మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర వచ్చును. 2022లోను, 2024లోను అది ఫిబ్రవరి మాసమున జరిగినది. ఆ నాలుగు దినములును ఊరు ఊరంతయు బెల్లపు బంగారము నెత్తుకొని కదలును; బడిలో గోడలును నేనును మిగులుదుము.

ఈ సున్నలను చూచి చాలకాలము నేను కోపగించుకొంటిని. ఆ కోపము వదలిన విధము చెప్పెదను.

ఒకయేటి పుష్యమాసమున ఏడవ తరగతి బాలుడొకడు వరుసగా నాలుగు దినములు మొదటి గంట దాటినపిదప వచ్చెను. నేను వానిని ఎండపొడ సోకని వరండాలో నిలువబెట్టితిని. పుష్యమాసమునకు పూసంత వేడిమి యని మన పెద్దలందురు గదా. ఆ పూసంత వేడిమియు ఆ వరండాలో లేదు. ఐదవనాడు వాని చేతులు చూచితిని. వ్రేళ్లు నీటిలో నాని తెల్లబడి ముడుతలు పడియుండెను. అడుగగా వాడు చెప్పిన మాట యిది: "రాత్రి నారుమడిల నీళ్లు తీసేసినం సారూ. పొద్దుగాల బాయినీళ్లు పెట్టి వచ్చిన."

రైతులైన మీకు ఇందలి సంగతి చెప్ప బనిలేదు. చలి మిక్కుటమైన రాత్రులలో మడిలోని నీరు చల్లబడి నారును ఎదుగనీయదు, ఆకు పసుపుబారును. అందువలన సాయంకాలము ఆ నీటిని తీసివేసి, రాత్రి మడిపై పట్టా కప్పి, తెల్లవారినపిదప పట్టా తీసి, వెచ్చగా నుండు బావినీటిని పెట్టవలెను. పైగా ఆ దినములలో వ్యవసాయమునకు కరెంటు వంతులవారీగా, తరచు అర్ధరాత్రివేళ వచ్చెడిది. రాష్ట్రమంతటను ఇరువదినాలుగు గంటల సరఫరా 2018 జనవరి 1వ తేదీన మొదలైనది. తండ్రి మోటారువద్దకు పోగా కొడుకు బ్యాటరీదీపము పట్టుకొని గట్టుపై నిలుచును. శాలువ కప్పుకొని హేమంతవర్ణనము చెప్పుచున్న నాకంటె ఆ బాలునికే హేమంతము బాగుగ తెలియునని నాకు నాడు తోచినది. సిగ్గుపడితిని. నారుమడులున్న నెల దినములును మొదటి గంట పాఠమును సాయంకాలమునకు మార్చితిని. సున్నలు సగము తగ్గినవి.

నాటినుండి సున్నను తప్పుగా గాక ప్రశ్నగా చదువుట నేర్చుకొంటిని. అయితే నేను మీతో చెప్పదలచిన ముఖ్యవిషయము సున్నలను గూర్చి గాదు. హాజరుపట్టీలో సున్నయైనను లేని పిల్లలను గూర్చి.

పెద్దపల్లి పరిసరములందు ఇటుకబట్టీలు విస్తారముగ నున్నవని మీ రెఱుగుదురు. మన్ను అనుకూలమైనది, సింగరేణి బొగ్గు చేరువ, రాజీవ్ రహదారియు రైలుమార్గమును ప్రక్కనే యున్నవి. వానలు వెనుకబట్టిన పిదప, మన యిండ్ల పిల్లలు చేలకు పోవు ఆ చలిదినములలోనే, ఒడిస్సా పశ్చిమభాగమునుండి, బలాంగీరు, నువాపడా, కలహండి మున్నగు జిల్లాలనుండి, కుటుంబములకు కుటుంబములు ఈ బట్టీలకు దిగును. వారి దేశమున భాద్రపదమాసములో నువాఖాయి యను క్రొత్తబియ్యపు పండుగ జరుగును. ఆ పండుగ ప్రాంతమున సర్దారు అను మధ్యవర్తి వారికి బయానా సొమ్ము ఇచ్చును. ఆ బాకీ తీర్చుటకు వారు వేసవి కడవఱకు ఇటుకలు కోయుదురు. కూలి వేయి ఇటుకలకు ఇంత యని. భర్త, భార్య, పిల్లలు కలిసి యొక జట్టు. ఇంకను తెల్లవారకముందే మట్టి మెదుపుదురు. తండ్రి అచ్చు పోసినచో తల్లి మోయును; పచ్చి ఇటుక కొంత ఆరినపిదప దానిని ప్రక్కకు త్రిప్పి నిలుపు పని పిల్లలది. వారు త్రిప్పిన ఇటుక తల్లిదండ్రుల లెక్కలో చేరును. వారి పేళ్లు మాత్రము ఏ లెక్కలోను చేరవు. స్వగ్రామపు బడిలో వారు పేరున్నవారే గాని లేనివారు. మన యూరిలో ఉన్నవారే గాని పేరు లేనివారు.

2012వ సంవత్సరము మార్గశిరమున అట్టి బాలిక యొకతె మా బడి ప్రహరీగోడవద్ద నిలువసాగెను. పదియేండ్ల ప్రాయముండును. చంకలో తమ్ముడు. రెండుమూడు దినములు చూచి లోనికి రమ్మని సైగచేసితిని. పేరడుగగా ఆమె చెప్పినది నాకు సరిగ వినబడలేదు. అప్పుడామె క్రిందనున్న ఇటుకపెంకు తీసికొని వరండా గచ్చుపై నాలుగక్షరములు వ్రాసెను. మన లిపివలెనే గుండ్రని యక్షరములు; పైన గొడుగు పట్టినట్లు వంపులు. అవి ఒడియా యక్షరములు. ముప్పదియేండ్లు అక్షరమే వృత్తిగా బ్రతికిన పండితుడను, ఒక పసిబిడ్డ వ్రాసిన తన పేరును చదువలేక నిలిచితిని. ఆమె ఒకమారు నావైపు, ఒకమారు ఆ యక్షరములవైపు చూచి, ఈయనకు చదువు రాదు కాబోలునని నిశ్చయించుకొని, వ్రేలితో చూపుచు తానే నాకు చదివి చెప్పినది.

చేతిలోని పెంకును చూపి "ఇది యేమి?" అంటిని. "ఇటా" అనెను. సంస్కృతమున ఇష్టకా, మనకు ఇటుక, వారికి ఇటా. వైదికులు అగ్నిచయనమున పేర్చునదియు ఇష్టకయే. మన ఎలిగేడు మండలములోని ధూళికట్టయందు శాతవాహనుల కాలమున బౌద్ధులు ఇటుకతోనే స్తూపము కట్టిరి. రెండువేల యేండ్లనుండి ఈ నేల ఇటుక నెఱుగును. ఆ యిటుకలను కోసిన చేతుల పేళ్లు మాత్రము ఏ శాసనమునందును లేవు. ఈ తరమునందైనను ఉండవలదా యని నా కనిపించెను.

ఆ వారమే ఊరి పెద్దలు గుడివద్ద కూడినప్పుడు ఈ మాట యెత్తితిని. బట్టీ పిల్లలను బడిలో కూర్చుండబెట్టుకొందమంటిని. ఒక పెద్దమనిషి, "వాళ్లు మన పిల్లలు గారు గద సారూ. ఎండకాలం కాంగనె పోతరు" అనెను. అతనిది దుష్టబుద్ధి గాదు. లోకము చెప్పు మాటయే. బట్టీ నడుపు నాయనయు అచ్చటనే యుండి, "పిల్లలతోని నేను పని చేపిస్తలేను, తల్లిదండ్రులే చేపిస్తున్నరు" అనెను. అదియు కొంత నిజమే. వేయింటికి లెక్కగట్టు కూలి పిల్లవానిని పిలువకయే పిలుచును.

అప్పుడు, అంతవఱకు మాటాడక బీడి కాల్చుకొనుచున్న ముసలి రైతొకడు ఇట్లనెను: "నారు ఒక మడిల పోసి ఇంకో మడిల నాటుతం. మడి మారిందని నీళ్లు పెట్టుడు బంద్ చేస్తమా?"

ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆ యేడు బట్టీనుండి పదునొకండుగురు పిల్లలు బడికి వచ్చిరి. మధ్యాహ్నభోజనము వారికిని పెట్టితిమి. సంక్రాంతికి ముందు మన ఆడువారు వంతులవారీగా ఒకరి యింటిలో నొకరు కూర్చుండి సకినాలు చుట్టుదురు గదా. ఆ యేడు ఒక వంతు బడి వరండాలో పెట్టుకొనిరి. ఒడియా బిడ్డలు బియ్యపుపిండిని మన పిల్లలకంటె సొంపుగా చుట్టిరి. మట్టి మెదిపిన వ్రేళ్లు గదా యని ఒక తల్లి యనెను. అని, వెంటనే తల వంచుకొనెను.

సర్వము చక్కబడినదని చెప్పను. మాఘమునకు పదునొకండుగురు ఎనమండుగురైరి, మార్చినాటికి ఆరుగురు. ఎండలు ముదిరినకొలది బట్టీ పని హెచ్చును. ఆ బాలిక ఏప్రిలులో బడి మూయువఱకు వచ్చెను. తెలుగున తన పేరు వ్రాయ నేర్చెను. నాకు ఒడియాలో నా పేరు వ్రాయ నేర్పెను. వేసవి సెలవుల పిదప జూనులో బడి తెఱచునప్పటికి బట్టీ ఖాళీ. వారు వెడలిన దినమెవ్వరికిని తెలియదు. అప్పుడు నాకు తట్టినది: ఐదు నెలలు మా బడిలో చదివినట్లు ఆ బిడ్డ చేతికి నేనొక కాగితమైనను ఈయలేదు! స్వగ్రామమునకు పోయి ఏమని చెప్పుకొనును? ఆ యేడంతయు చదువు మానినదనియే అచ్చటివారు తలతురు. పైయేటి చలికాలమున ఆ బట్టీకి వేఱు కుటుంబములు వచ్చినవి. ఆమె మఱల కనబడలేదు. ఆ పాత హాజరుపట్టీలో ఏప్రిలు గళ్ల పిదప ఆమె పేరెదుట తెల్లని గళ్లున్నవి. సున్నలు గావవి, ఏమియు లేనివి. ఇది నా తప్పు. దీనిని మీయెదుట చెప్పుకొనుటకే నేడు వచ్చితిని.

చట్టము లేకపోలేదు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలైన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల ప్రతి బిడ్డకును బడిని హక్కుగ నిచ్చినది. వలసవచ్చిన కుటుంబముల పిల్లలను చేర్పించు బాధ్యత స్థానిక సంస్థలదని అందు స్పష్టముగా నున్నది. బడి మారు పిల్లకు బదిలీపత్రము వెంటనే ఈయవలెననియు నున్నది. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము బడివేళల వెలుపల, సెలవులలో, సొంత కుటుంబపు పనిలో సాయపడుటను సమ్మతించినది. పరుని బట్టీ ఆ పిల్లల కుటుంబపు పని గాదు. మన ప్రాంతపు బట్టీలవద్ద ఒడియా బోధించువారితో పాఠశాలలు నడచిన సంవత్సరములును గలవు. కావున ఇది కానిపని యనుటకు వీలులేదు. అయినను, హైదరాబాదున వ్రాసిన యుత్తరువు మన యూరి బట్టీవఱకు తనంతట నడచి రాదు. నడిపింప వలసినవారు మీరు.

కాలము మాఱినది. నేడు నాట్లకు బీహారు, బెంగాలునుండి జట్లు వచ్చుచున్నవి. మన పిల్లలు గట్టుమీద లేరు. చాలమంది ప్రొద్దుననే వాహనములెక్కి పట్టణపు బడులకు పోవుచున్నారు. పల్లెబడిలో గదులున్నవి, బల్లలున్నవి, గురువులున్నారు. కూర్చుండు పిల్లలు తక్కువ. ఊరి పొలిమేరన, ఆ బడికి పిలుపుదూరమున, కూర్చుండుటకు బల్ల లేని పిల్లలున్నారు. ఈ రెంటిని కలుపుటకు ఎవ్వరును కోట్లు తేనక్కఱలేదు.

పెద్దలైన మిమ్ము మూడే మూడు కోరుచున్నాను. మొదటిది: కార్తికము వెళ్లగనే ఇద్దరు పెద్దమనుషులు బడిగురువును వెంటబెట్టుకొని బట్టీకి పోయి, పిల్లల పేళ్లు, వయస్సులు వ్రాసికొని రండు. రెండవది: బట్టీ యజమాని మీకు చుట్టమో, స్నేహితుడో యగును, ప్రొద్దుటి గంటనుండి సాయంకాలపు గంటవఱకు పిల్లలు ఇటుక త్రిప్పరాదని అతనితో నలుగురిలో చెప్పుడు. నలుగురిలో అన్న మాట దాటుట కష్టము. మూడవది: ఏప్రిలులో బడి మూయకముందే, ఏ తరగతిలో, ఎన్ని నెలలు చదివిరో వ్రాయించి, ఆ పత్రమును తల్లి చేతికిప్పింపుడు. నేను మఱచినది మీరు మఱవకుడు.

శివరాత్రికి చలి శివశివా యని వెడలిపోవునందురు. చలి మఱల వచ్చును. బట్టీపిల్లలలో వచ్చినవారే మఱల రారు. వారు మన పొలిమేరన నున్న ఆఱు నెలలే మనకు దొరకు కాలము. ఈసారి మీ యూరి హాజరుపట్టీని తెఱపించి చూడుడు. అందులేని పేళ్లెవ్వరివో విచారింపుడు.