ఇంట్లో తొలి బీరు

అమెరికాలో స్థిరపడి, ఇంట్లోనే బీరు తయారు చేసుకోవాలని ముచ్చటపడుతున్న మన తెలుగువాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

ముందు చట్టం సంగతి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి బీరు చేసుకునే అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100. అమ్మడానికి వీల్లేదు. ఈ అనుమతి బీరుకే, సారా బట్టీకి కాదు. ఇక ఆంధ్రలో, తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. సెలవులకు ఊరెళ్ళినప్పుడు అక్కడివాళ్ళకు చేసి చూపిద్దామని అనుకోకండి.

మొదటిసారి గింజలు మరపట్టి, నానబెట్టే జోలికి పోవద్దు. మాల్ట్ పాకం, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు, ఈస్ట్ కలిపి అమ్మే ఐదు గ్యాలన్ల కిట్ కొనండి. అందులోనూ లాగర్ కాకుండా ఏల్ రకం ఎంచుకోండి. లాగర్‌కు వారాల తరబడి చలి కావాలి. పాకాన్ని నీళ్ళలో కలిపి, హాప్స్ వేసి సుమారు గంటసేపు మరిగిస్తారు. మొదటి పొంగు వచ్చేటప్పుడు పొయ్యి దగ్గరే ఉండండి, పాలలాగే పొంగిపోతుంది. దింపాక గిన్నెను మంచునీళ్ళలో పెట్టి త్వరగా చల్లార్చాలి. చల్లారిన తర్వాత బీరును తాకే ప్రతి వస్తువూ, చివరికి ఈస్ట్ పొట్లం కత్తిరించే కత్తెర కూడా, ముందు శుభ్రంగా కడిగి, ఆ తర్వాత శానిటైజర్‌లో ముంచి తీసినదై ఉండాలి. మురికి ఉన్నచోట శానిటైజర్ పనిచేయదు. అందుకే ఆ వరస తప్పకూడదు. అలా శుభ్రం చేసిన బకెట్‌లో చల్లారిన ద్రవాన్ని పోసి, ఈస్ట్ కలిపి, గ్యాసును బయటికి పోనిచ్చే ఎయిర్‌లాక్ ఉన్న మూత పెట్టండి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: వేడి. చలికాలంలో ఇడ్లీ పిండి పులియడానికి ఓవెన్‌లో లైటు వేసి పెట్టే అలవాటు మనకుంది. బీరు దగ్గర ఆ అలవాటు పనికిరాదు. మామూలు ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ చాలు. పైగా పులిసేటప్పుడు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది కాబట్టి బకెట్ లోపల గదికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేడెక్కితే బీరుకు ఘాటైన స్పిరిట్ వాసన వస్తుంది, మరుసటి నెల దాకా ఆగినా అది పెద్దగా పోదు. డాలస్ లాంటి చోట వేసవిలో గ్యారేజీలో పెట్టారంటే ఆ బీరు మీద ఆశ వదులుకోవాల్సిందే. బకెట్‌ను నీళ్ళ తొట్టిలో దించి, పాత టీషర్టు తడిపి చుట్టి, ఫ్యాన్ పెట్టండి. ఖర్చు లేని ఈ ఉపాయం కొత్తవాళ్ళకు ఖరీదైన గిన్నెలకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి కదా అని సీసాల్లో పోయకండి. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ కొనుక్కోండి. మొదట్లో 1.050 దగ్గరున్న అంకె సాధారణంగా 1.012 దరిదాపులకు దిగుతుంది, అంటే ఆల్కహాలు సుమారు 5 శాతం. రెండు మూడు రోజుల ఎడంతో చూసినా అంకె మారలేదంటేనే పులియడం పూర్తయినట్టు. తొందరపడి మూత బిగిస్తే గ్యాసు పెరిగి సీసాలు పేలతాయి. గాజు పెంకులు మనుషులను గాయపరుస్తాయి, ముఖ్యంగా పిల్లలు తిరిగే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

సీసాల్లో పోసే రోజు ఐదు గ్యాలన్లకు సుమారు 110 గ్రాముల పంచదార కొద్ది నీళ్ళలో మరిగించి, చల్లార్చి, మొత్తం బీరులో సమంగా కలపండి. గోధుమరంగు సీసాలే వాడండి, వెలుతురు తగిలితే హాప్స్ చెడువాసన కొడతాయి. రెండు వారాలు మామూలు గదిలో ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. అడుగున పల్చగా ఈస్ట్ పేరుకుంటుంది. సీసా కుదపకుండా ఒకే ధారగా గ్లాసులోకి వంచి, చివరి అంగుళం సీసాలోనే వదిలేయండి.