ఉద్యోగానికి వెళ్ళినచోట మన మొదటి పరిచయం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్లం. బియ్యం కొలిచి వంటకు ఇవ్వడం దగ్గర నుంచి, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకువెళ్ళడం దాకా అన్నీ మా పనులే. ఈమధ్య ఇంకో పని కలిసింది. డిగ్రీ, నర్సింగ్, పాలిటెక్నిక్ పూర్తిచేసిన పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్ళేముందు "మేడం, అక్కడ ఏం చెప్పాలి?" అంటూ మా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకు చెప్పే మాటలే ఈరోజు ఇక్కడ చెబుతాము.

మేము టీచర్ ట్రైనింగ్ చదువుకునే రోజుల్లో, 2000 జనవరిలో, జీవో నంబరు 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది ఆ జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ హక్కు గురించి పెద్దలు మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. ఈలోగా మన పిల్లలు ఘాట్ దిగి విశాఖపట్నం, పరవాడ, అచ్యుతాపురం వైపు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. టీచరు పోస్టుకు పరీక్ష రాస్తే మార్కులు మాట్లాడతాయి. ఈ ఉద్యోగాలకు మనమే మాట్లాడాలి. అదీ ఐదు పది నిమిషాల్లో.

మొదట మౌనం గురించి. మన ఇళ్ళల్లో పెద్దల ముందు తల దించుకోవడం, అడిగినంతవరకే చెప్పడం మర్యాద. బల్లకు అవతల కూర్చున్నవారికి ఆ మర్యాద తెలియదు. "ఈ పిల్లకు ఏమీ రాదు" అనుకుంటారు. అందుకే రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ వరండాలో రెండు కుర్చీలు వేసి అభ్యాసం చేయిస్తున్నాము. నా పేరు ఇది, నేను ఇది చదివాను, నాకు ఈ పని వచ్చు - ఈ మూడు మాటలు చివరి వరసకు వినపడేలా చెప్పాలి. కళ్ళలోకి చూడడం కష్టమైతే నుదుటి వైపు చూడమంటాము. తెలియని ప్రశ్న వస్తే నేల చూపులు చూడకుండా "తెలియదు సార్, నేర్చుకుంటాను" అనాలి. పది రోజులు ఇలా చేస్తే గొంతు దానంతటదే పెరుగుతుంది.

రెండోది, "ఖాళీగా ఉన్నాను" అనే మాట. చదువు అయ్యాక ఏడాది ఏం చేశావంటే మన పిల్లలు చెప్పే జవాబు ఇదే. నిజంగా ఖాళీగా ఉన్నారా? కాఫీ పళ్ళు కోశారు, పల్పింగ్ చేశారు, ఆరబెట్టారు. సంతలో పసుపు తూకం దగ్గర నిలబడి లెక్క చూశారు. అమ్మ డ్వాక్రా సంఘం పుస్తకం రాశారు. ఇవన్నీ పనులే. "మా సంఘం పొదుపు లెక్కలు ఏడాదిపాటు నేనే రాశాను" అని చెప్పిన అమ్మాయి, దుకాణంలో బిల్లులు రాయగలదని ఎదుటివారికి వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది, ఊరు పేరు, భాష పేరు. ఏ ఊరంటే చాలామంది "పాడేరు దగ్గర" అని తప్పించుకుంటారు. బయోడేటాలో భాషలు అన్నచోట తెలుగు, ఇంగ్లీషు రాస్తారు. ఇంట్లో మాట్లాడే కువి, ఆదివాసీ ఒడియా రాయరు. నవ్వుతారేమోనని భయం. ఏజెన్సీ ఆస్పత్రిలో, బ్యాంకులో, స్వచ్ఛంద సంస్థలో మన భాష వచ్చిన మనిషి ఎంత అవసరమో రోగిని, ఖాతాదారుని అడిగితే తెలుస్తుంది. దాచుకోవలసిన భాష కాదది, ముందు రాయవలసిన భాష. ఒక అబద్ధంతో పరిచయం మొదలుపెడితే ఉద్యోగం వచ్చాక కూడా దాన్ని మోస్తూనే ఉండాలి.

ఇక కాగితాలు. మనం గదిలోకి వెళ్ళకముందే అవి మన పరిచయం చేస్తాయి. పదో తరగతి మార్కుల జాబితాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఇది పిలుపు వచ్చాక సరిచేసుకునే పని కాదు, ఇప్పుడే చేయించుకోండి. మీ ఊళ్ళో సిగ్నల్ లేకపోతే, సిగ్నల్ ఉన్నచోట ఉండే బంధువు నంబరు కూడా రెండో నంబరుగా ఇవ్వండి. అప్పు చేసి కొత్త బట్టలు కొనవద్దు, ఉన్నవి ఉతికి ఇస్త్రీ చేసుకుంటే చాలు. వానాకాలం ఘాట్ రోడ్డును నమ్ముకుని తెల్లవారి బస్సు ఎక్కవద్దు, ముందురోజే దిగిపోండి.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి పరిచయం ఇటు నుంచే కాదు, అటు నుంచి కూడా. జీతం ఎంతో చెప్పకుండా డబ్బు కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామన్నా, ఆడపిల్లలు ఎక్కడ ఉంటారో చూపించకపోయినా, వెనక్కి రమ్మని పిల్లలకు చెప్పండి. వెనక్కి వచ్చిన పిల్లను "ఉద్యోగం పోగొట్టుకున్నావు" అని తిట్టకండి. ఇల్లు తనవైపు ఉందని తెలిసిన పిల్లే అక్కడ తల ఎత్తి మాట్లాడుతుంది. ఆ ధైర్యం మేము హాస్టల్లో సగమే ఇవ్వగలం, మిగతా సగం మీరే ఇవ్వాలి.

జై ఆదివాసీ!