పొట్టులోనూ బలముంది



పొద్దున కూర తరిగితే పక్కన ఒక కుప్ప పడుతుంది. బీరకాయ పొట్టు. సొరకాయ చెక్కు. గోబి పువ్వు ఆకులు. ముల్లంగి ఆకులు. చేటలోకి ఎత్తి పెంట మీద పోస్తారు. ఆ కుప్పలో ఏముందో ఈ రోజు చూద్దాం.

2012 అక్టోబరులో వరంగల్ నగరంలో చెత్త మీద వారం రోజుల పోటీ జరిగింది. వేరే ఊళ్ల మున్సిపాలిటీల సిబ్బంది కూడా వచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు. తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా వేయమని చెప్పారు. తడి చెత్త అంటే ఏమిటి? చాలావరకు వంటింటి చెత్తే. అందులో తినదగినవి ఎన్నో ఉంటాయి. అవన్నీ పైసలు పెట్టి కొన్నవే. బీరకాయ తూచినప్పుడు పొట్టు కూడా తూకంలోకి వస్తుంది కదా!

పైసల సంగతి ఒక్కటే కాదు. నెత్తురు సంగతి కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లకు రక్త పరీక్ష చేశారు. 100 మందిలో దాదాపు 58 మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తహీనత అంటే నెత్తురు తక్కువ కావడం. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతాయి. నెత్తురు పట్టాలంటే ఇనుము కావాలి. ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. గోబి ఆకు, ముల్లంగి ఆకు కూడా ఆకుకూరలే. ఒంట్లో నెత్తురు లేదు. ఆకేమో పెంట పాలు!

గోబి ఆకు పప్పు

లేత ఆకులు రెండు పిడికెళ్లు తీసుకోండి. ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి, బాగా కడగండి. సన్నగా తరగండి. అర గ్లాసు పెసరపప్పుతో కలిపి ఉడికించండి. ఎల్లిగడ్డ, జీలకర్రతో పోపు పెట్టండి. దించాక నిమ్మరసం పిండండి. నిమ్మరసం ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగొద్దు. చాయ్ ఇనుమును పట్టనివ్వదు. గంట ఆగి తాగండి.

బీరపొట్టు తొక్కు

లేత బీరకాయ పొట్టు తీసుకోండి. కొంచెం నూనెలో పచ్చిమిరపకాయలతో వేయించండి. వేయించిన నువ్వులు, చింతపండు, ఎల్లిగడ్డ, ఉప్పు వేసి రోట్లో దంచండి. వేడి అన్నంలోకి, జొన్న రొట్టెలోకి బాగుంటుంది.

పుచ్చకాయ తిన్నాక తెల్ల భాగం మిగులుతుంది. పైన పచ్చ చెక్కు తీసేసి, సొరకాయలాగే కూర వండవచ్చు. గుమ్మడి గింజలు కడిగి, ఎండబెట్టి, వేయించి పిల్లలకు పెట్టవచ్చు.

అన్నీ తినేవి కావు. పచ్చబడిన ఆలుగడ్డ చెక్కు, దాని మొలకలు విషం. సొరకాయ ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారేయండి. కుళ్లినవి, బూజు పట్టినవి వద్దు. మందు కొట్టిన కాయలను రెండు మూడు నీళ్లలో రుద్ది కడగాలి.

నెత్తురు తక్కువైతే ఆకుకూర ఒక్కటే చాలదు. సర్కారు దవాఖానలో పరీక్ష చేయించుకోవాలి. ఇచ్చిన గోలీలు మింగాలి.

చివరగా ఒక్క మాట. చాలా ఇండ్లల్లో ఆడమనిషి అందరి తర్వాత తింటుంది. గిన్నె అడుగున మిగిలిందే ఆమెకు. ఆకు పప్పు అందరికీ వడ్డించి, తను ఉత్త చారు పోసుకుంటే ఆమెకు నెత్తురు ఎట్లా పడుతుంది? అందుకే వండగానే మీ వంతు ఒక గిన్నెలో తీసి పెట్టండి.